పద్దు లేని రొక్కమా, పద్దెక్కని రొక్కమా?

మా తాత నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక బియ్యం కొట్లో లెక్కలు రాసేవాడు. రాత్రి పుస్తకం మూస్తూ "పద్దు లేని రొక్కం, హద్దు లేని చేను..." అని ఇంకేదో అనేవాడు. లోక్‌సభలో పద్దుల మీద చర్చ అని పేపర్లో చదివినప్పటి నుంచి ఆ మూడో ముక్క కోసం వెతుక్కుంటున్నాను. ఎవరికైనా తెలుసా?

కావలి మాస్టారు: 'లేని' కాదబ్బాయ్, 'పద్దెక్కని'. రాజ్యాంగం 114వ అధికరణం చెప్పేదీ అదే. ద్రవ్య వినిమయ చట్టం, అంటే ఖర్చుకు పార్లమెంటు అనుమతి, అయితే తప్ప సంచిత నిధి అనే ప్రభుత్వ ఖజానా నుంచి పైసా తీయకూడదు.

ఒంగోలు అన్న: మరి 113 కింద పద్దులని సభకొచ్చేవి శాఖలు అడిగే డబ్బులే కదా మాస్టారూ, ఇంకా ఇచ్చినవి కావు. మా అంగట్లో కందిపప్పు తూచి, సంచిలో పోసి, ఆ తర్వాతే పద్దు రాస్తాం. ఇవ్వనిదాన్ని పద్దు అనడం నాకు మింగుడుపడదు.

కావలి మాస్టారు: పద్దంటే లెక్కలో ఒక వరుస. ఇచ్చిందైనా, ఇవ్వాల్సిందైనా. కోత తీర్మానాల్లో, అంటే పద్దు తగ్గించమని ఎంపీలు పెట్టేవాటిలో, విభక్తి చూడు. పద్దును రూపాయికి తగ్గించాలంటే ఆ విధానమే వద్దని. పద్దులో వంద రూపాయలు తగ్గించాలంటే ఫలానా ఫిర్యాదు వినమని. ఆ 'కి' జారితే అర్థమే మారిపోతుంది.

ఆత్మకూరు అక్క: ఖర్చు ఆదాయంలో పాతికా, సగమా, ముప్పాతికా అని నారదుడు ధర్మరాజును అడిగేది మన తిక్కన భారతంలోనే కదా?

కావలి మాస్టారు: అది సభాపర్వం తల్లీ, నన్నయ గారిది. తిక్కన విరాటపర్వం నుంచి.

ఆత్మకూరు అక్క: పొరపాటే. కానీ 2022 బడ్జెట్ ప్రసంగంలో నిర్మలా సీతారామన్ చదివిన పన్నుల శ్లోకం శాంతిపర్వంలోది. ఆ పర్వం తెలుగు చేసింది తిక్కనే. ధర్మంగా పన్ను తీసుకుని ప్రజల యోగక్షేమాలు చూడాలంటూ చివర 'అతంద్రితః' అంటుంది, ఏమరుపాటు లేకుండా అని. ఆ ఒక్క మాట దగ్గర నాకు కళ్లు చెమరుస్తాయి.

ఒంగోలు అన్న: నా ఓటు 'లేని'కే. పద్దు లేని, హద్దు లేని అంటే జంట కుదిరింది. మూడోది 'ముకుతాడు లేని ఎద్దు' అయ్యుండాలి.

కావలి మాస్టారు: 'పద్దెక్కని రొక్కం'లో రెండు 'క్క'లు వినపడటం లేదా? పైగా పద్దు, హద్దు ముక్క మొదట్లోనే ఉన్నాయి, ఆ వరుస ప్రకారం ఎద్దు కూడా ముందుకు రావాలి.

ఎద్దు కాదు మాస్టారూ. మా తాత ఆ మూడో ముక్క అంటూ పక్కనే ఉన్న తూకం రాయి మీద చెయ్యి వేసేవాడు.