కొత్తగా పెళ్లయినవాళ్లకి కేప్ మెక్లియర్ బాగుంటుందా?

లిలాంగ్వే_బాబు: ఆఫ్రికాలో, మలావీ రాజధాని లిలాంగ్వేలో ఉద్యోగం. మా ఆవిడ వచ్చే నెల నరసరావుపేట నుంచి వస్తోంది, పెళ్లయ్యాక మొదటిసారి. జాంజిబార్ దీవి అంటే ఖర్చు ఎక్కువ. మలావీ సరస్సు ఒడ్డున కేప్ మెక్లియర్ అని జాలర్ల ఊరుంది, ఇక్కణ్ణుంచి కారులో నాలుగైదు గంటలు. నాలుగు రోజులు ఉందామనుకుంటున్నాను. జంటగా వెళ్లినవాళ్లు చెప్పండి.

గోదారిగట్టు: వద్దు. ఆ నీళ్లలో బిల్హార్జియా ఉంది. నత్తల్లోంచి వచ్చే పురుగు, చర్మంలోంచే లోపలికి పోతుంది. మా బావ మోకాలి లోతు దిగాడు, మూణ్ణెల్లకి మూత్రంలో రక్తం. ఇక్కడి ఆస్పత్రిలో రాళ్లన్నారు, రెండు స్కానింగులు తీశారు.

వాడరేవు: దానికి ప్రాజిక్వాంటెల్ మాత్ర ఉంది. దిగొచ్చిన వెంటనే వేసుకుంటే సరిగ్గా పనిచెయ్యదు, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి డాక్టర్ చెప్పినట్టు వాడాలి. ఒడ్డున రెల్లు పెరిగే చోట దిగకండి. అసలు టెన్షన్ మలేరియాది, దాని మాత్రలు వెళ్లకముందే మొదలుపెట్టాలి. అక్కడి రాళ్ల మధ్య తిరిగే రంగురంగుల ఎంబూనా చేపల కోసమైనా వెళ్లాలి. 1984లోనే యునెస్కో జాబితాకెక్కిన చోటు.

గోదారిగట్టు: మీరు డాక్టరా?

పప్పుచారు: జాంజిబార్ వెళ్లు బ్రో.

గోదారిగట్టు: సరే, నీళ్లు వదిలేద్దాం. గదుల ముందే చేపలు ఎండబెడతారు. కొత్త పెళ్లికూతుర్ని ఆ కంపులోకి తీసుకెళ్తారా?

వాడరేవు: ఇదన్నమాట సంగతి! పురుగు కాదు, కంపు. అక్కడ తడికల మీద ఎండేది ఉసిపా, మన నెత్తళ్లలాంటి చిన్న చేప. మా అమ్మ జీవితమంతా అదే పని చేసింది. హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకడిగితే ‘ఏం తింటారు’ అని మెట్ల మీంచే పంపేశారు నన్ను. రాత్రి ఉసిపా కోసం పడవల్లో దీపాలు పెట్టుకుని వెళ్తారు, ఒడ్డు నుంచి చూస్తే నీళ్ల మీద ఇంకో ఊరున్నట్టుంటుంది. పొద్దున వల లాగుతుంటే మా ఆవిడ వెళ్లి తాడు పట్టుకుంది. వాళ్లు నవ్వి, జరిగి చోటిచ్చారు.

గోదారిగట్టు: నేను కులం మాటెత్తానా? మీ ఆవిడకి నచ్చింది, సంతోషం. మా బావ కూడా ‘ప్రశాంతంగా ఉంటుంది’ అనే తీసుకెళ్లాడు. తెల్లారితే ఆయన పడవెక్కడం, మా అక్క గదిలో ఒక్కతే. నాలుగు రోజులూ మాట్లాడే మనిషి లేడు. ఇప్పటికీ ఆ ఊరి పేరెత్తితే లేచి వెళ్లిపోతుంది. ఆవిణ్ణి ఎవరైనా అడిగారా?

వాడరేవు: అది మీ బావ తప్పు. ఊరేం చేసింది?

లిలాంగ్వే_బాబు: నేనూ అడగలేదండీ, సర్‌ప్రైజ్ అనుకున్నాను. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. అక్కడ పచ్చిమిరపకాయలు దొరుకుతాయా అంది.

వాడరేవు: నాలి సాస్ ఉంటుంది, మన కారానికేం తీసిపోదు. ఆ సరస్సులో దొరికే చాంబో చేప వేపుడు మీద వేసుకోండి.

గోదారిగట్టు: గదిలో స్నానానికి నీళ్లు సరస్సులోంచే తోడతారేమో, అది కూడా అడగండి.