అప్‌డేట్: గేమింగ్ పీసీనా, పీఎస్5నా? పీసీయే తీసుకున్నాం

నాకూ మా తమ్ముడికీ కలిపి ఒక్కటే కొనగలం, గేమింగ్ పీసీనా, సోనీ గేమ్ కన్సోల్ పీఎస్5నా అని అడిగాను కదా. పీసీ తీసుకున్నాం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

వాడి బీటెక్ కోడింగ్ కూడా దానిమీదే నడవాలి, అసలు తేల్చింది అదే. పైగా పీఎస్5లో డబ్బు పెట్టి కొన్న గేమ్‌ని ఆన్‌లైన్‌లో ఆడాలంటే చాలావరకు పీఎస్ ప్లస్ చందా కట్టాలి. పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో ఆ బాదుడు లేదు. పీఎస్5లోనే దొరుకుతాయనుకునే సోనీ గేమ్‌లంటారా, గాడ్ ఆఫ్ వార్ 2022లో, ఘోస్ట్ ఆఫ్ సుషిమా 2024లో పీసీకి వచ్చేశాయి.

కానీ కన్సోల్ కొనమన్నవాళ్లు చెప్పిన షేడర్ల (తెరమీద బొమ్మ ఎలా కనిపించాలో గ్రాఫిక్స్ కార్డుకి చెప్పే చిన్న ప్రోగ్రాములు) సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. పీఎస్5 హార్డ్‌వేర్ ముందే తెలుసు కాబట్టి షేడర్లు ముందే కంపైలై, అంటే ఆ హార్డ్‌వేర్‌కి తగ్గట్టు సిద్ధమై, గేమ్‌తో వస్తాయి. పీసీలో ఎవరి గ్రాఫిక్స్ కార్డు వాళ్లది, అందుకే షేడర్లు మన పీసీలోనే కంపైల్ అవ్వాలి. డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) మారితే మళ్లీ మొదటికే. కొన్ని గేమ్‌లు ఆ పనంతా ఆట మధ్యలో పెట్టుకుని, సరిగ్గా ఫైట్‌లో టక్కున ఆగుతాయి. అంత డబ్బు పోసిన కార్డు మీద ఇలా ఆడాల్సి రావడం నిజంగా బాధగా ఉంది. డెవలపర్లు దీన్ని పట్టించుకోవాలి.

జీటీఏ 6 కోసమే కొనేవాళ్లు మాత్రం కన్సోలే చూడండి. జీటీఏ 5 కన్సోళ్లకు 2013లో వస్తే, పీసీకి 2015 దాకా రాలేదు.