బాలింతకు దగ్గితే మూత్రం పడుతున్నది, వ్యాయామం ఎట్ల చెప్పాలె?

ఆశా వర్కర్, పరకాల:
కాన్పై మూడు నెలలైన ఒక చెల్లెకు దగ్గినా తుమ్మినా, బిందె ఎత్తినా బట్టలు తడుస్తున్నయి. సిగ్గుకు మొగనికి కూడా చెప్పలే. అత్తేమో నీళ్లు తక్కువ తాగుమంటున్నది, పొట్టకు చీర బిగించి కడుతున్నది. నాట్లు మొదలైతే పనికి పోవాలె. మూత్రం మధ్యల ఆపి ఆపి పోయుమని చెప్పొచ్చా?

ఫిజియోథెరపిస్టు, హన్మకొండ:
చెప్పకండి. రోజూ అట్ల ఆపితే మూత్రసంచి పూర్తిగ ఖాళీ కాదు, మిగిలిన మూత్రంతోని ఇన్ఫెక్షన్ రావొచ్చు.

మూత్రసంచిని కింద నుంచి పట్టి ఉంచే కండరాలకు వ్యాయామం చెప్పండి. వెల్లకిల పండుకొని మోకాళ్లు మడవాలె. నలుగురిల ఉన్నప్పుడు గ్యాస్ పోకుండ ఎట్ల బిగపడతమో అట్ల, మలద్వారం కాడ మొదలుపెట్టి ముందుకు, లోపలికి, పైకి లాగాలె. ఒక చెయ్యి పొట్ట మీద ఉంచుమనండి. పొట్ట గట్టిపడ్డా, పిర్రలు బిగుసుకున్నా, ఊపిరి ఆగినా వేరే కండరం పనిచేస్తున్నట్టే. శానమంది పైకి లాగుడుకు బదులు కిందికి ముక్కుతరు. అద్దం పెట్టి చూసుకుంటే ఆ చోటు లోపలికి పోవాలె, బయటికి ఉబ్బొద్దు.

మొదట్ల 3 సెకన్లు పట్టినా మంచిదే, మెల్లగ 10 సెకన్లకు తీసుకపోవాలె. పట్టినంతసేపు వదలాలె. అట్ల 8 నుంచి 10 సార్లు, ఆ వెంటనే చకచక ఇంకో 10. రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు. పాలిచ్చేటప్పుడు చేస్తే యాదికుంటది. దగ్గు వస్తున్నదనంగనే, బిందె ఎత్తే ముందే బిగపట్టుడు నేర్పండి.

స్టాఫ్ నర్సు, జనగామ:
అత్తమ్మను కూడా కూసోబెట్టి చెప్పండి. నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి సంచిని ఇంకా చికాకు పెడుతుంది, మలబద్ధకం వస్తుంది, ముక్కి ముక్కి కింది కండరాలు ఇంకా సాగుతాయి. పొట్ట బిగించి కడితే ఆ ఒత్తిడంతా కిందికే. పాలిచ్చే తల్లికి దాహమైనప్పుడల్లా నీళ్లియ్యాలి, తగ్గించాల్సింది చాయ్.

మంట, జ్వరం ఉంటే ముందు మూత్ర పరీక్ష. దగ్గకున్నా రాత్రీపగలూ కారుతూనే ఉంటే, అందునా కాన్పు కష్టమైన మనిషైతే, మూత్రసంచికీ యోనికీ మధ్య రంధ్రం పడి ఉండొచ్చు. అది వ్యాయామంతో పూడదు. ఆలస్యం చేయకుండా వరంగల్‌ల సీకేఎం ఆసుపత్రికో, హన్మకొండ ప్రసూతి ఆసుపత్రికో తీసుకుపోండి. తొడల నడుమ తిమ్మిరెక్కి, మూత్రం వచ్చేది కూడా తెలియకపోతే అదే రోజు పోవాలి.

ఆశా వర్కర్, పరకాల:
మంట లేదక్కా, ఆగకుండ కారుడు లేదు. మరి నాట్లకు పోవచ్చా?

ఫిజియోథెరపిస్టు, హన్మకొండ:
పోవచ్చు గని నారు కట్టలు మోయనియ్యకండి, బిందె సగమే నింపుమనండి. తడుస్తదన్న భయానికి గంటగంటకు మూత్రానికి పోతే సంచి కొంచెం నిండంగనే తొందరపెట్టుడు అలవాటైతది, పగలు రెండుమూడు గంటలకోసారి చాలు. మూడు నెలలు సరిగ్గ చేసినా తగ్గకపోతే, లేకుంటే కింద ఏదో జారినట్టు బరువుగ ఉంటే, గైనకాలజిస్టుకు చూపియ్యాలె.