ఎన్‌సీసీ రెండో శిబిరం, మిడ్ పరీక్షలు ఒకేసారి వచ్చాయి: వేరే బెటాలియన్ శిబిరానికి వెళ్లవచ్చా?

ఇంజనీరింగ్ మూడో సంవత్సరంతో పాటు ఎన్‌సీసీ సీనియర్ డివిజన్‌లో చివరి ఏడాది శిక్షణలో ఉన్నాను. డిగ్రీలో 50 శాతం మార్కులు, 'సి' సర్టిఫికెట్‌లో కనీసం 'బి' గ్రేడు ఉన్నవారు రాత పరీక్ష లేకుండానే స్పెషల్ ఎంట్రీ ద్వారా సైన్యంలో అధికారులను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకు, అందులో నెగ్గితే చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి వెళ్లే వీలుంది కనుక, నాకు ఈ సర్టిఫికెట్ తప్పనిసరి. పరేడ్ హాజరు 75 శాతం దాటింది గానీ, కావలసిన రెండు శిబిరాలలో ఒక్కటే పూర్తయింది.

మా బెటాలియన్ పది రోజుల వార్షిక శిబిరం నవంబరు 10న మొదలవుతుండగా, మిడ్ పరీక్షలు 13 నుంచి 15 వరకు ఉన్నాయి. మధ్యలో సెలవు అడిగితే శిబిరం పూర్తయినట్లు పరిగణించబోమన్నారు. మా కళాశాల ఎన్‌సీసీ బాధ్యతలు చూసే అధ్యాపకుడు, ఏఎన్‌ఓ (అసోసియేట్ ఎన్‌సీసీ ఆఫీసర్) గారు లేఖ రాసినా, పరీక్షల విభాగం హాజరు మినహాయింపు మాత్రమే ఇస్తామంది. నాకు కావలసింది అది కాదు. పరీక్షను మళ్లీ నిర్వహించడానికి నిబంధనలు ఒప్పుకోవట.

ఇదే గ్రూపులోని (కొన్ని బెటాలియన్లను కలిపి పర్యవేక్షించే ఎన్‌సీసీ విభాగం) మరో బెటాలియన్ డిసెంబరులో శిబిరం నిర్వహిస్తోందని తెలిసింది. సొంత యూనిట్‌ను కాదని ఇలా వేరే బెటాలియన్ శిబిరానికి హాజరై 'సి' పరీక్ష రాసిన కేడెట్లు ఎవరైనా ఉంటే, ఆ అనుమతిని ఎవరి ద్వారా, ఎలా పొందారో దయచేసి తెలుపగలరా?