కౌలాలంపూర్‌లో ఒక రాత్రి బస: తక్కువ ఖర్చులో ఎక్కడ దిగాలి?

సందేహం (బరంపురం నుంచి)

గ్రూపులోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం. మా వియ్యపురాలికి ఒంట్లో బాగుండక ప్రయాణం చేయలేని పరిస్థితి కావడంతో, కోడలి పురిటికి సాయంగా నేనూ మా ఆవిడా ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు వెళ్తున్నాము. ధర కలిసివస్తుందని మా అబ్బాయి విశాఖపట్నం నుంచి కౌలాలంపూర్‌కు ఒక టికెట్టు, అక్కడి నుంచి పెర్త్‌కు మరొక టికెట్టు విడివిడిగా కొన్నాడు. వెళ్ళేటప్పుడు తెల్లవారుజామున నాలుగున్నరకు దిగి, మధ్యాహ్నం రెండు గంటలకు మళ్ళీ విమానం ఎక్కాలి. వచ్చేటప్పుడు రాత్రి తొమ్మిదికి దిగితే విశాఖ విమానం మర్నాడు సాయంత్రం ఏడున్నరకు గానీ లేదు. కౌలాలంపూర్‌లో దిగడం, ఎక్కడం నాలుగుసార్లూ టెర్మినల్ 2 లోనే.

నగరం నడిబొడ్డున, బుకిట్ బింటాంగ్ అనే చోట, మన డబ్బుల్లో 1500 రూపాయలకు గది ఒకటి ఫోనులో కనిపించింది. తీసుకోవచ్చా? బసకు, రాకపోకలకు కలిపి 4000 రూపాయలకు మించకుండా చూసుకోవాలని ఉంది. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేదు. పెద్ద పెట్టెలు రెండు ఉంటాయి. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం

అన్నయ్యగారికి, వదినగారికి నమస్కారం. మాదీ బరంపురమే. కౌలాలంపూర్ మీదుగా మూడుసార్లు వెళ్ళివచ్చాను, అందులో ఒకసారి మా అమ్మగారితో. మీరు చూసిన గది అద్దె నిజంగా తక్కువే, కానీ ఆ గది మీకు చవక కాదు. ఎందుకో లెక్క చూపిస్తాను.

విమానాశ్రయం ఉన్నది సెపాంగ్ అనే ప్రాంతంలో, నగరానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో. టెర్మినల్ 2 నుంచి నగరంలోని కేఎల్ సెంట్రల్ స్టేషనుకు ఎక్స్‌ప్రెస్ రైలు 33 నిమిషాల్లో చేరుస్తుంది, హాయిగానూ ఉంటుంది, కానీ ఒక్కరికి ఒకవైపుకే 55 రింగిట్లు (అక్కడి డబ్బు). ఇద్దరికీ రానూపోనూ 220 రింగిట్లు. లెక్క సులువుకోసం రింగిట్ 20 రూపాయలు అనుకుంటే (అసలు రేటు కొంత ఎక్కువే ఉండవచ్చు) రైలుకే 4400 రూపాయలు అయిపోతాయి. విదేశీయుల దగ్గర గదికి రాత్రికి 10 రింగిట్ల పర్యాటక పన్ను వసూలు చేస్తారు, అది చాలాసార్లు ఫోనులో కనిపించే ధరలో కలిసి ఉండదు, హోటల్ కౌంటర్లో విడిగా అడుగుతారు. అంటే 1500 రూపాయల గది మీ చేతికి వచ్చేసరికి 6000 దాటుతుంది. బస్సు అయితే ఒకవైపుకు మనిషికి సుమారు పదిహేను రింగిట్లే కాబట్టి మొత్తం 3000 దగ్గర ఆగుతుంది. ఒంటరిగా, వీపున ఒక సంచితో వెళ్ళే కుర్రవాడికి నేను బస్సే చెబుతాను. అయితే మీరు రాత్రి తొమ్మిదికి దిగి, ఇమ్మిగ్రేషన్ వరుస, సామాను అన్నీ ముగించుకొని బయటపడేసరికి పదిన్నర అవుతుంది, గంట బస్సు ప్రయాణం తరువాత కేఎల్ సెంట్రల్ నుంచి మళ్ళీ కారు వెతుక్కోవాలి. ఆ వేళకు రెండు పెట్టెలతో వదినగారిని అంత తిప్పడం మంచిది కాదు.

నగరంలో గది గురించి ఇంకొక మాట అనుభవంతో చెబుతాను. 2024లో మా అమ్మగారితో వెళ్ళినప్పుడు ఇలాగే అద్దె చూసి మోజుపడి, ఎత్తైన అపార్టుమెంటులో ఒక ఫ్లాటు తీసుకున్నాను. అక్కడ హోటల్ మాదిరి రిసెప్షను ఉండదు, తాళంచెవి ఒక చిన్న ఇనుప డబ్బాలో పెట్టి, దాని అంకెలు ఫోనుకు పంపిస్తారు. రాత్రి పదకొండున్నరకు కార్ పార్కింగ్ గోడకు వరుసగా వేలాడుతున్న యాభై అరవై డబ్బాల్లో మాది ఏదో ఫోను వెలుతురులో వెతికి పట్టుకున్నాను. నాలుగు అంకెలూ తిప్పినా అది తెరుచుకోలేదు. యజమాని ఫోను ఎత్తలేదు. కాపలాదారు తనకు సంబంధం లేదన్నాడు. అమ్మ పెట్టె మీద కూర్చొని కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "పోనీలేరా, మన స్టేషను వెయిటింగ్ రూములోనైనా ఈపాటికి నడుము వాల్చేవాళ్ళం" అంది. పన్నెండున్నర దాటాక సరైన అంకెలు వచ్చాయి. కాబట్టి అర్ధరాత్రి చేరేవారు ఎంత చవకైనా సరే, రాత్రంతా కౌంటర్లో మనిషి ఉండే చోటే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇక మీకు పనికివచ్చేవి. టెర్మినల్ 2ను ఆనుకొని ఒక పెద్ద షాపింగ్ మాల్ ఉంది. ఆ మాల్ నుంచి పైకప్పు ఉన్న నడకదారి గుండా ట్యూన్ అనే హోటల్‌కు ట్రాలీ తోసుకుంటూనే వెళ్ళవచ్చు, కారు అక్కర్లేదు. నేను చూసినప్పుడల్లా గది 150 నుంచి 250 రింగిట్ల మధ్య ఉండేది. నెల, రెండు నెలల ముందు తీసుకుంటే కిందివైపు, ఆఖరి వారంలో పైవైపు. గది చిన్నది, మంచం, స్నానాలగది శుభ్రంగా ఉంటాయి, అంతకుమించి ఆశించకూడదు. పన్నుతో కలిపి 200 రింగిట్ల లోపు దొరికితే మరి ఆలోచించకండి, మీ 4000 రూపాయల్లో పని అయిపోతుంది.

అది దొరకకపోతే రెండో మార్గం కోటా వారిసాన్, సలాక్ టింగీ అనే ఊళ్ళు. విమానాశ్రయానికి కారులో పావుగంట, ఇరవై నిమిషాల దూరం. మన రైల్వే స్టేషన్ల ఎదుట లాడ్జీలు ఉన్నట్టే అక్కడ విమానం మారేవారి కోసమే నడిచే చిన్న హోటళ్ళు వరుసగా ఉన్నాయి. గది సుమారు 100 రింగిట్లు, కారుకు ఒకవైపు ఇరవై, ముప్పై రింగిట్లు. పన్నుతో కూడా కలిపి 3500 రూపాయల లోపే తేలుతుంది. కొన్ని హోటళ్ళు సొంత వ్యాను పంపిస్తాయి, అయితే అర్ధరాత్రి వస్తుందా, మనిషికి ఎంత తీసుకుంటారు అన్నది ముందే రాసి అడిగి, వారి జవాబును ఫోనులో దాచుకోవాలి. గది తీసుకునేటప్పుడు లిఫ్టు ఉందా, లేకపోతే కింది అంతస్తులో ఇస్తారా అని తప్పక అడగండి. ఇవి చాలావరకు కింద దుకాణాలు, పైన గదులు ఉండే కట్టడాలు, కొన్నింటికి మెట్లే దిక్కు.

కారు కోసం గ్రాబ్ యాప్‌ను బరంపురంలో ఉండగానే ఫోనులో పెట్టుకొని నమోదు పూర్తి చేయండి. ఓటీపీ మన నంబరుకే వస్తుంది, అక్కడికి వెళ్ళాక మన సిమ్ పనిచేయకపోతే ఆ సందేశం అందదు. ఒకసారి నమోదైతే విమానాశ్రయంలోని ఉచిత వైఫైతో కారు పిలిచి, డబ్బు నగదుగా ఇవ్వవచ్చు.

మీ అబ్బాయిగారు టికెట్లు విడివిడిగా కొన్నారు కాబట్టి మీరు రెండుసార్లూ మలేషియాలోకి ప్రవేశించి, సామాను తీసుకొని, మళ్ళీ చెక్ ఇన్ చేసుకోవలసిందే. భారతీయులకు 2023 డిసెంబరు 1 నుంచి 30 రోజుల వరకు వీసా అవసరం లేకుండా ప్రవేశం ఇస్తున్నారు, ఆ సదుపాయాన్ని 2026 డిసెంబరు 31 వరకు పొడిగించారు. మీ తిరుగు ప్రయాణం ఆ తేదీ దాటితే మాత్రం అప్పటి నిబంధన చూసుకోవాలి. వీసా అక్కర్లేకపోయినా ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపడం తప్పనిసరి. చేరే తేదీకి ముందు మూడు రోజుల్లోపే నింపాలి, ఒక్కొక్క మనిషికి ఒక్కొక్కటి, ఒక్కొక్క ప్రవేశానికి ఒక్కొక్కటి. వెళ్ళేటప్పుడు నింపింది వచ్చేటప్పుడు చెల్లదు. దానికి ప్రభుత్వం రుసుము తీసుకోదు, డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా వస్తే మూసేయండి.

మళ్ళీ సందేహం (బరంపురం నుంచి)

తమ్ముడికి ధన్యవాదాలు. ఇంత వివరంగా రాసినందుకు మా ఆవిడ కూడా సంతోషించింది. వెళ్ళేటప్పటి సంగతి ఇంకా తేలలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు దిగితే గది అవసరమా, విమానాశ్రయంలోనే కూర్చుంటే సరిపోతుందా? గొట్టాల్లాంటి అరల్లో పడుకునే ఏర్పాటు ఉందని అబ్బాయి అంటున్నాడు.

సమాధానం

అన్నయ్యగారూ, నాలుగున్నర మలేషియా సమయమని గుర్తుంచుకోండి. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు, అంటే మీ ఒంటికి అప్పుడు రాత్రి రెండు. అప్పటికి బరంపురం నుంచి విశాఖ వరకు రైలు ప్రయాణం కూడా చేసి ఉంటారు, కాబట్టి వదినగారికి నాలుగైదు గంటల నిద్ర అవసరమే.

హోటల్ గది మాత్రం ఇక్కడ దండగ. చాలా హోటళ్ళలో గది ఇచ్చే సమయం మధ్యాహ్నం రెండు లేదా మూడు. మీరు 10వ తేదీ తెల్లవారుజామున దిగుతారని 10వ తేదీకి గది తీసుకుంటే, అది మీ విమానం ఎగిరే వేళకు చేతికి వస్తుంది. ఆ తెల్లవారుజామున మంచం కావాలంటే 9వ తేదీ రాత్రికి గది తీసుకొని, ఆలస్యంగా వస్తామని ముందే తెలియజేయాలి. ఈ తేదీ పొరపాటు చదువుకున్నవారు కూడా చేస్తున్నారు, అందుకే ఇంత విడమరచి రాస్తున్నాను.

మీ అబ్బాయి చెప్పినవి క్యాప్సూల్ హోటళ్ళు. ఆ మాల్ కింది అంతస్తులోనే ఒకటి ఉంది, ఇమ్మిగ్రేషన్ దాటి బయటకు వచ్చినవారికి అందుబాటులో ఉంటుంది. అద్దె రోజు లెక్కన కాకుండా 3, 6, 12 గంటల లెక్కన ఉంటుంది కనుక మీ వెళ్ళే ప్రయాణానికి 6 గంటలది సరిగ్గా సరిపోతుంది. లోపల రైలు స్లీపర్ బెర్తుల మాదిరిగా ఒకదానిపై ఒకటి అరలు. అరలోకి పాకి వెళ్ళాలి, లోపల కూర్చోవచ్చు, నిలబడలేము. పరుపు, దుప్పటి, చిన్న దీపం, ఫోను ఛార్జింగు, ముందువైపు కిందికి లాగే తెర. చెప్పులు బయట విడిచి వెళ్ళాలి. స్నానాలగదులు ఉమ్మడివి, తువ్వాలు ఇస్తారు. ఆడవాళ్ళకు విడిగా ఒక భాగం ఉంది. వదినగారికి కింది అర కావాలని బుక్ చేసేటప్పుడే రాయండి, పై అరకు నిచ్చెన ఎక్కవలసి ఉంటుంది. మా అమ్మగారు మొదట అందులోకి తొంగిచూసి "ఇందులోనా!" అన్నారు గానీ, పడుకున్నాక మూడు గంటలు కదలకుండా నిద్రపోయారు. అయితే తిరుగు ప్రయాణంలో 12 గంటలకు ఇద్దరికి రెండు అరలు తీసుకుంటే దాదాపు గది అద్దె అంత అవుతుంది, అప్పుడు గదే మేలు.

ఖర్చు లేకుండా కుర్చీల్లో గడపడం కూడా సాధ్యమే, ఎవరూ లేపి పంపరు. కానీ ఏసీ చలి గట్టిగా ఉంటుంది, చాలా కుర్చీలకు మధ్యలో చేతులు ఉండటం వల్ల కాళ్ళు చాపలేము, సామాను కోసం ఒకరు మేలుకొనే ఉండాలి. అక్కడక్కడ కనిపించే సురావ్ అనే గదులు ముస్లిముల ప్రార్థన కోసం, తివాచీ పరిచి ప్రశాంతంగా ఉన్నాయి కదా అని అక్కడ నడుము వాల్చకూడదు. పెట్టెలను గంటల లెక్కన దాచిపెట్టే కౌంటరు మాల్‌లో ఉంది. తిరుగు ప్రయాణం రోజున గది ఖాళీ చేశాక సాయంత్రం వరకు అది అక్కరకు వస్తుంది.

ఇంకొక సభ్యుని మాట (రాయగడ నుంచి)

ఇదే సమయంలో సింగపూర్ మీదుగా వెళ్ళే ఆలోచన చేసేవారికి ఒక హెచ్చరిక. విశాఖ నుంచి అటూ విమానం ఉంది, చాంగీ విమానాశ్రయం లోపల ఉచితంగా నడుము వాల్చే కుర్చీలు కూడా ఉన్నాయి. కానీ సింగపూర్‌లో ప్రవేశించడానికి భారతీయులకు వీసా కావాలి. అందువల్ల విడివిడి టికెట్లు కొని, సామాను బయటకు వచ్చి తీసుకోవలసి వస్తే ఇబ్బంది పడతారు. ఆస్ట్రేలియా, అమెరికా, బ్రిటన్, కెనడా వంటి కొన్ని దేశాల వీసా ఉన్నవారికి, ముందుకు వెళ్ళే టికెట్టు ఉంటే, 96 గంటల వరకు వీసా లేకుండా ప్రవేశించే సదుపాయం ఉంది. దాని షరతులు టికెట్టు కొనక ముందే చదవాలి, తుది నిర్ణయం అక్కడి ఇమ్మిగ్రేషన్ అధికారిదే. మా ఇంట్లోవాళ్ళు ఒకే టికెట్టు మీద వెళ్ళి లోపలే ఉండిపోయారు, అప్పుడు ఏ చిక్కూ రాలేదు.

సమాధానం

రాయగడ అన్నగారు సరైన మాట గుర్తుచేశారు. బరంపురం అన్నయ్యగారికి చివరగా మన దగ్గరి అంచె గురించి. సాయంత్రం ఏడున్నరకు అక్కడ బయలుదేరిన విమానం మన సమయం ప్రకారం తొమ్మిది ప్రాంతంలో విశాఖలో దిగుతుంది. బయటపడేసరికి పది. అప్పటికప్పుడు బరంపురం కారు మాట్లాడుకునే బదులు, అర్ధరాత్రి దాటాకనో తెల్లవారుజామునో ఉన్న రైలుకు రిజర్వేషను చేయించుకొని, ఆ పీఎన్ఆర్ నంబరుతో విశాఖ స్టేషనులోని రిటైరింగ్ రూము ముందే తీసుకోండి. ఐఆర్‌సీటీసీలోనే దొరుకుతుంది, డార్మిటరీ మంచం అయితే అద్దె ఇంకా తక్కువ. ఒకవేళ అప్పటికి మీ విమానం భోగాపురం కొత్త విమానాశ్రయానికి మారి ఉంటే, విశాఖకు వెనక్కి వెళ్ళనక్కరలేదు, విజయనగరం స్టేషను దగ్గర. కాబట్టి రైలు టికెట్టు కొనేముందు విమానం టికెట్టు మీద ఏ విమానాశ్రయం పేరు ఉందో ఒకసారి చూసుకోండి.

బరంపురం నుంచి

తమ్ముడూ, వెళ్ళేటప్పటికి 6 గంటల అరలు రెండు, రెండూ కిందివి, అబ్బాయి బుక్ చేశాడు. మా ఆవిడకు ఆడవాళ్ళ భాగంలోనే ఇచ్చారు. వచ్చేటప్పటికి నడకదారి హోటల్‌లో గది 170 రింగిట్లకు దొరికింది, పన్ను అక్కడ కట్టాలట. బుకిట్ బింటాంగ్ గది వదిలేశాము. గ్రాబ్ నమోదు కూడా ఈ రోజే పూర్తయింది.