అన్నిచోట్లా ఐఆర్‌క్యూసేవ్ పెట్టేయడం జాగ్రత్తా, బద్ధకమా?

కొత్తకెర్నల్:
లినక్స్‌లో సీరియల్ పోర్టుకి డ్రైవర్ రాస్తున్నాను, బోర్డు సింగిల్ కోర్. "ప్రతిచోటా స్పిన్‌లాక్ ఐఆర్‌క్యూసేవ్ వాడెయ్, తలనొప్పి ఉండదు" అంటారు మా లీడ్. అంటే ఇంటరప్టుల్ని (హార్డ్‌వేర్ పిలుపుల్ని) ఆపి, వాటి పాత స్థితి గుర్తుంచుకుని, దొరికేదాకా తిరుగుతూ కాచుకునే స్పిన్‌లాక్ తీసుకోవడం. ఇంటరప్ట్ వస్తే నడిచే హ్యాండ్లర్ ముట్టుకోని డేటా కోసం కూడా ఇంటరప్టులు ఆపడం నాకు అతిగా అనిపిస్తోంది. మీరేమంటారు?

పాతకాపు:
మీ లీడ్ గారి మాట వినండి. మామూలు స్పిన్‌లాక్ తీసుకున్నారు, అదే కోర్ మీద ఇంటరప్ట్ వచ్చింది, హ్యాండ్లర్ అదే లాక్ అడిగింది. హ్యాండ్లర్ తప్పుకుంటే తప్ప లాక్ ఉన్నవాడికి సీపీయూ దొరకదు, వాడు లాక్ వదిలితే తప్ప హ్యాండ్లర్ తప్పుకోదు. కెర్నల్ ఎస్‌ఎంపీగా (ఎక్కువ కోర్ల కోసం) బిల్డ్ అయి ఉంటే బోర్డు బిగుసుకుపోతుంది. ఇలాంటి బగ్ ఒకటి మా టెస్ట్ బెంచ్ మీద ఒక్కసారీ రాలేదు, కస్టమర్ దగ్గర మాత్రం వారానికోసారి. మూడు రాత్రులు నిద్ర లేదు నాకు. దాని ముందు ఐఆర్‌క్యూసేవ్ ఖర్చు ఓ లెక్కా?

ఓవర్‌రన్:
లెక్కే అన్నా, వేసి చూద్దాం. 115200 బాడ్ (సెకనుకి అన్ని బిట్లు) దగ్గర స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి బైట్‌కి 10 బిట్లు, అంటే సుమారు 87 మైక్రోసెకన్లు. 16550 రకం సీరియల్ చిప్‌లో రిసీవ్ ఫిఫో (వచ్చిన బైట్లు ఆగే క్యూ) 16 బైట్లు. ట్రిగ్గర్ (ఎన్ని బైట్లు చేరితే ఇంటరప్ట్ కొట్టాలో ఆ అంకె) 14 దగ్గర పెడితే ఇంటరప్ట్ కొట్టేసరికి ఇంకా రెండు బైట్లకే చోటు, 174 మైక్రోసెకన్లలో అదీ నిండిపోతుంది. నేను చూసిన ఓ డ్రైవర్‌లో ఐఆర్‌క్యూసేవ్ లోపల 500 మైక్రోసెకన్ల డిలే ఉండేది. లాగ్‌లో అక్షరాలు మాయమవుతుంటే అందరూ కేబుల్ మార్చుకుంటూ కూర్చున్నారు!

పాతకాపు:
అది డిలే పెట్టినవాడి తప్పు, లాక్‌ది కాదు.

ఓవర్‌రన్:
ఒప్పుకుంటా. కానీ అన్నిచోట్లా అదే కనిపిస్తే, ఏ ఫంక్షన్‌ని ఎక్కడి నుంచి పిలుస్తారో చదివేవాడికి ఎలా తెలుస్తుంది? ప్రాసెస్ నుంచే వచ్చే దారిలో, పాత స్థితి గుర్తుంచుకోకుండా ఇంటరప్టులు ఆపే స్పిన్‌లాక్ ఐఆర్‌క్యూ చాలు.

పాతకాపు:
అక్కడే దెబ్బ తింటారు. దాని అన్‌లాక్ ముందు ఎలా ఉందో చూడకుండా ఇంటరప్టులు తెరిచేస్తుంది. రేపెవరో ఇంటరప్టులు ఆపి ఉన్నచోటి నుంచి దాన్ని పిలిస్తే?

ఐటూసీఅక్క:
మీ ఇద్దరి గొడవా పోర్టు దగ్గరే ఆగింది. ఐటూసీ (చిప్‌ల మధ్య నెమ్మదైన రెండు తీగల బస్) మీద ఉన్న టచ్‌స్క్రీన్‌కి ఏ స్పిన్‌లాకూ పనికిరాదు. ఆ ట్రాన్స్‌ఫర్ నిద్రపోవచ్చు, లాక్ పట్టుకుని పిలిస్తే "షెడ్యూలింగ్ వైల్ అటామిక్" అని కెర్నల్ తిడుతుంది. 2009లో 2.6.30తో వచ్చిన థ్రెడెడ్ ఐఆర్‌క్యూ (హ్యాండ్లర్ పనిని నిద్రపోగల థ్రెడ్‌లో చేయడం), దాంతోపాటు మ్యూటెక్స్ (నిద్రపోతూ కాచుకునే లాక్) వాడండి. వన్‌షాట్ ఫ్లాగ్ మరవద్దు. లెవెల్ ఇంటరప్ట్ (చిప్ సిగ్నల్ దించేదాకా కొడుతూనే ఉండేది) అయితే థ్రెడ్ చిప్‌ని చదివేదాకా లైన్‌ని మాస్క్ చేసి ఉంచేది అదే.

ఇంకోటి, 2024లో 6.12తో రియల్‌టైమ్ ప్రీఎంప్షన్ (అర్జెంట్ పని కోసం కెర్నల్ కోడ్‌ని కూడా మధ్యలో ఆపే పద్ధతి) అసలు కెర్నల్‌లోకి వచ్చేసింది. అది ఆన్ చేస్తే మామూలు స్పిన్‌లాకే నిద్రపోయే లాక్ అయిపోతుంది. మీరు కొట్టుకుంటున్న ఐఆర్‌క్యూసేవ్ అక్కడ ఇంటరప్టులు ఆపనే ఆపదు, అక్కడా నిద్రపోకుండా తిరిగే రా స్పిన్‌లాక్ అయితే తప్ప.

కొత్తకెర్నల్:
అందరికీ థాంక్స్. నాకు అనవసరం అనిపించిన మూడు చోట్ల మామూలు స్పిన్‌లాక్ పెట్టి, లాక్‌డెప్ (లాకుల తప్పు వాడకం పట్టే కెర్నల్ చెకర్) ఆన్ చేసి నడిపాను. ఒకచోట "ఇన్‌కన్సిస్టెంట్ లాక్ స్టేట్" అని అరిచింది. స్టాటిస్టిక్స్ చదివే ఫంక్షన్ అది. ఆ కౌంటర్‌ని హ్యాండ్లర్ కూడా పెంచుతోందని నేను చూసుకోలేదు, మళ్లీ ఐఆర్‌క్యూసేవ్ పెట్టేశాను. మిగతా రెండింటి మీద రేపు రివ్యూ.

ఓవర్‌రన్ గారూ, మీరు చెప్పాక వెతికితే లాక్ లోపల డిలే మా కోడ్‌లోనూ దొరికింది. రాసింది మా లీడే.