రోజూ నడుస్తున్నా బరువు తగ్గడం లేదు: నడక మానేసి ఆహార నియమం పాటిస్తే చాలునా?

ప్రశ్న:
నా వయస్సు 46 ఏళ్లు. నాలుగు నెలలుగా వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట చొప్పున వేగంగా నడుస్తున్నాను. ఆహారంలో ఏ మార్పూ చేయలేదు. బరువు కిలో కూడా తగ్గలేదు. తిండి తగ్గించనప్పుడు నడక దండగేనని మిత్రుడొకరు అంటున్నారు. ఆయన మాటలో నిజమెంత?

మొదటి సమాధానం:
దయచేసి నడక మానకండి. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శారీరక శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అందులో కనీస పరిమితిని మీరు ఇప్పటికే అందుకున్నారు. అరగంట నడకకు ఖర్చయ్యేది సుమారు 150 కేలరీలే. గ్రాము కొవ్వులో 9 కేలరీలుంటాయి కనుక, అది పదిహేడు గ్రాముల నూనెకు సమానం. అందువల్ల తూకంలో మార్పు కనిపించకపోవడం వింతేమీ కాదు. (నేనూ ఒకప్పుడు రోజూ తూకం ఎక్కి దిగులుపడినవాణ్ణే.) కానీ శ్రమించే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని గ్లూకోజును తీసుకోగలదు, క్రమం తప్పని నడక రక్తపోటును అదుపులో ఉంచడానికీ తోడ్పడుతుంది. ఈ మేలు బరువు తగ్గినా తగ్గకపోయినా కలుగుతుంది. లండన్ రెండంతస్తుల బస్సుల్లో రోజంతా కూర్చుని ఉండే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగుతూ తిరిగే కండక్టర్లలో గుండె జబ్బు తక్కువగా ఉందని బ్రిటన్ వైద్య పరిశోధకుడు జెర్రీ మోరిస్ బృందం 1953లోనే ప్రచురించింది.

రెండవ సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తూనే ఒకటి చేర్చాలి. వ్యాయామం లేకుండా తిండి మాత్రమే తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. నలభై దాటిన వారికి ఇది చిన్న నష్టం కాదు. వారానికి కనీసం రెండు రోజులు గుంజీలు, దండాలు వంటి కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు చేయండి. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు శరీర బరువులో కిలోకు కనీసం 0.8 గ్రాముల మాంసకృత్తులు అవసరం. ఒకసారి నడుము చుట్టుకొలత కూడా చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
కొలత తీసుకోలేదు గానీ, బెల్టు ఒక రంధ్రం లోపలికి జరిగిన మాట వాస్తవమే. అయితే పిండిపదార్థాలు పూర్తిగా మానేయమంటారా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
అక్కరలేదు. పొట్టు తీయని ధాన్యాలు, పప్పుదినుసులు పిండిపదార్థాలతో పాటు పీచునూ ఇస్తాయి. త్వరగా ఆకలి వేయనివ్వవు. తగ్గించవలసినది పైనుంచి కలుపుకునే చక్కెర. రోజుకు 2,000 కేలరీలు తినేవారికి అది 50 గ్రాములు మించకూడదు. ఉప్పు ఐదు గ్రాములలోపు, కూరగాయలు, పండ్లు కలిపి 400 గ్రాములకు తగ్గకుండా చూసుకోండి. మధుమేహానికి మందులు వాడుతున్నట్లయితే మాత్రం, ఆహారం మార్చే ముందు మీ వైద్యుణ్ణి అడగండి. మందు మోతాదు అలాగే ఉంచి తిండి తగ్గిస్తే రక్తంలో చక్కెర మరీ పడిపోవచ్చు.